మామయ్య తెరిపించిన ఖాతాలు

బ్రాడీపేట, గుంటూరు
12 జూన్ 2025

చిట్టితల్లి గీతకు,

మీ మామయ్య పానకాలు ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటున్నావేమో. గొంతు ఆపరేషన్ అయ్యాక ఇంకొన్ని నెలలు నోరు తెరవొద్దన్నాడు డాక్టరు. ఇన్నేళ్లు మిర్చి ఘాటు పీల్చి, వేలంపాటల్లో అరిచి అరిచి పాడుచేసుకున్న గొంతు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదని మీ అత్తయ్య సంబరపడుతోంది. ఫోన్‌లో తెలుగు కొట్టడం నాకు చేతకాదు, ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. మా గుమాస్తా దుర్గాప్రసాద్ వారం వారం సత్తెనపల్లి షెడ్డుకు వస్తాడుగా, ఉత్తరాలు వాడి చేత పంపుకుందాం.

నీకు సత్తెనపల్లి బ్రాంచికి బదిలీ అయిందనీ, మీ అమ్మ కూడా నీ దగ్గరికి వచ్చేసిందనీ తెలిసి సంతోషించాను. మీ నాన్న పోయిన రోజున నిన్ను చదివించి ఆఫీసరును చేస్తానని అక్కయ్యకు మాటిచ్చాను. చేశాను.

ఇక అసలు సంగతి. మన షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు రెండేళ్ల కిందట మీ బ్రాంచిలోనే ఖాతాలు తెరిపించాను. పాపం, వాళ్లకు బ్యాంకంటే బెదురు. ఆధార్లు తీసుకుని దుర్గాప్రసాదే తిరిగి పని పూర్తిచేశాడు. ఇప్పుడేమో మీవాళ్లు కేవైసీ మళ్లీ చేయించుకోవాలంటున్నారు, మనిషి స్వయంగా రావాలంటున్నారు, రాకపోతే ఖాతా ఆపేస్తారట. వాళ్లంతా పని మానుకుని మీ బెంచీల మీద కూర్చుంటే షెడ్డులో తొడిమలు ఎవరు తీస్తారు? దుర్గాప్రసాద్ జిరాక్సులూ ఫొటోలూ వేలిముద్రలూ తెస్తాడు. నువ్వు చూసి దాటించెయ్యి. ధర పడిపోయి, సరుకంతా కోల్డ్ స్టోరేజీలో మూలుగుతోంది. ఈ తలనొప్పి ఒకటి తగ్గించు తల్లీ.

నీ మామయ్య

*

సత్తెనపల్లి
20 జూన్ 2025

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "వీడి చేతిరాత ఇంకా బడిపిల్లాడిదే" అని మురిసిపోయింది. నువ్వు మాట్లాడకుండా ఉండటం మాత్రం నమ్మలేకపోతున్నాం.

కేవైసీ సంగతి విను. మనిషి రావాల్సిందే మామయ్యా. ఒకళ్ల బదులు ఇంకొకళ్లు వస్తే అది కేవైసీ కాదు. ఆ ఖాతా ఎవరిదో, అందులో డబ్బు నిజంగా వాళ్లదో కాదో తెలుసుకోవడానికే ఇదంతా. మీ వాళ్లను రోజుకు కొందరిని పంపు, నేను దగ్గరుండి త్వరగా చేయిస్తాను. బెంచీల మీద కూర్చోబెట్టను.

అయితే ఒకటి. ఇక్కడి షెడ్ల ఆడవాళ్లు మిర్చి చేతులతో వచ్చి మా వేలిముద్రల మెషిన్ మీద వేలు పెడుతున్నారు. మొన్న వాళ్ల వెనకే పింఛను మాస్టారొకాయన వేలు పెట్టి, అదే చేత్తో కళ్లు నలుపుకున్నాడు. పాపం, మేనేజరు ప్రకాష్ గారి గదిలో కూర్చుని గంటసేపు కన్నీళ్లు కార్చాడు. బయటివాళ్లు లోను రాలేదని ఏడుస్తున్నాడనుకున్నారు.

నవ్వు అక్కడితో సరి. మొన్న ఒకామె వచ్చింది. పేరు రాయకూడదు కాబట్టి రాయను. పెద్దావిడ. ఉపాధి హామీ పనికి వెళ్లిందట, కూలి రాలేదట.

"పంచాయతీలో అడిగితే సత్తెనపల్లి బ్యాంకులో పడిందన్నారమ్మా" అంది.

"పాసుపుస్తకం ఉందా?" అన్నాను.

"నాకు ఇక్కడ ఖాతా యాడుంది తల్లీ. నాకున్నదల్లా పోస్టాఫీసులోదే."

ఆధార్ కొట్టి చూస్తే ఖాతా ఉంది. కూలి అందులోనే పడింది. పడిన రోజే ఎవరో కార్డుతో తీసేసుకున్నారు. అంతటితో అయితే ఏదో దొంగతనం అనుకుందును. ఆ ఖాతాలోకి లక్షలు వస్తున్నాయి, వచ్చిన పూటే పోతున్నాయి. ఊరూ పేరూ తెలియని వాళ్ల దగ్గర్నుంచి. ఆమె జీవితంలో కళ్లతో చూడని డబ్బు ఆమె పేరు మీద పారుతోంది మామయ్యా, ఆమె మాత్రం చీర కొంగులో బస్సు చార్జీ ముడేసుకుని వచ్చింది. ఎన్ని షెడ్లలో పనిచేసిందో, ఎవరికి ఆధార్ ఇచ్చిందో ఆమెకే గుర్తులేదు.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఎవడో గానీ, వాడి ముఖం ఒకసారి చూడాలని ఉంది. రోజూ స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, పిల్లలతో కబుర్లు చెబుతూ ఉంటాడు కాబోలు. మీ షెడ్డులో ఆడవాళ్ల ఆధార్లు ఎవరి చేతుల్లో పడ్డాయో నువ్వూ ఒకసారి దుర్గాప్రసాద్‌ను గట్టిగా అడుగు.

అత్తయ్యకు నా ముద్దులు. నీకు వేడి పాలు, మౌనం.

నీ గీత

*

బ్రాడీపేట
29 జూన్ 2025

గీతమ్మకు,

నీది చిన్న వయసు. ఏది చూసినా రక్తం ఉడుకుతుంది. నేనూ ఒకప్పుడు అంతే.

కూలి జనం చెప్పేదంతా నమ్మడం మొదలుపెడితే నీ ఉద్యోగం సాగదు. ఆ సైదాబీ సంగతి నాకు తెలియదా? ఖాతా తెరిచిన రోజు తనే వేలిముద్ర వేసింది, దానికి ఇంత ముట్టజెప్పాం కూడా. ఇప్పుడు ఏమీ తెలియనట్టు నీ దగ్గరికొచ్చి ఏడుస్తోంది. ముసలితనంలో మతిమరుపు ఒకటి. దాని కూలి ఎంతని, రెండు పూటల కాఫీ ఖర్చు. నేను చూసుకుంటాలే.

కొత్తగా వచ్చినదానివి, అన్నీ తవ్వుకుంటూ పోకు. మీ మేనేజరు ప్రకాష్ గారు మంచి మనిషి, నాకు బాగా తెలుసు. ఆయన ఎలా నడుచుకుంటున్నాడో చూసి నేర్చుకో.

దుర్గాప్రసాద్ చేత జిరాక్సులన్నీ పంపుతున్నాను. మనుషులు రావడం కుదరదు.

మామయ్య

*

సత్తెనపల్లి
4 జూలై 2025

మామయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. దుర్గాప్రసాద్ తెచ్చిన కాగితాలు అతని చేతే తిప్పి పంపుతున్నాను.

ఇకమీదట బ్యాంకు విషయాలేవీ నన్ను అడగవద్దు. నేను మీకు చెప్పకూడదు. మా ఉద్యోగంలో అది నిబంధన.

అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. మీరు ఆరోగ్యం చూసుకోండి.

గీతాంజలి

*

బ్రాడీపేట
15 జూలై 2025

బంగారు తల్లికి,

నీ ఉత్తరం చూసి మొదట నొచ్చుకున్నాను. చిన్నప్పట్నుంచీ నువ్వు నువ్వు అనే పిల్ల మీరు, గారు అని రాసిందేమిటా అని. తర్వాత మీ అత్తయ్యే విడమరిచి చెప్పింది. ఆఫీసరు రాసే పద్ధతి అదే, రేపు ఈ కాగితం ఎవరి కంటబడినా అనుమానం రాకూడదు కదా అంది. నిజమే. చెప్పకుండానే చెప్పావు. నువ్వు నా పక్కనుంటే నాకు చీకూ చింతా లేదు.

ఇంత తెలివైనదానికి దాచడమెందుకు? హైదరాబాదు నుంచి ఒకడు వస్తాడు. వాడికి ఖాతాలు కావాలి. ఎవరివైనా ఫరవాలేదు. వాటిలోకి డబ్బు వస్తుంది, పోతుంది, పోయేటప్పుడు నాకు కొంత మిగులుతుంది. ఆ డబ్బు ఎక్కడిదని నేనడగను, వాడు చెప్పడు. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు లేరా? ఇది ఖాతా అద్దెకివ్వడం. మిర్చిలో మూడేళ్లుగా నష్టాలే. ఇది లేకపోతే ఈ ఆపరేషన్ చేయించుకునేవాణ్ని కూడా కాదు.

సైదాబీ సంగతి కూడా తేల్చేస్తున్నాను. కూలి ముట్టిందని కాగితం మీద రాయించి, దుర్గాప్రసాద్ వెళ్లి దాని వేలిముద్ర తీసుకొస్తాడు. నీకు మళ్లీ కౌంటరు దగ్గర గొడవ ఉండదు.

మంగళగిరిలో మనవాళ్ల మగ్గం మీద నీ కోసమే చెప్పి నేయించిన చీర పంపుతున్నాను. వంకాయ రంగు, సన్న జరీ అంచు. శ్రావణమాసంలో కట్టుకో.

నీ మామయ్య

*

సత్తెనపల్లి
21 జూలై 2025

మామయ్య గారికి,

చీర తిప్పి పంపుతున్నాను. మడత విప్పలేదు.

ఇది బ్యాంకు మాట కాదు, మీ అక్క కూతురుగా అడుగుతున్నాను. ఆ పెద్దావిడ దగ్గర ఏ కాగితం మీదా వేలిముద్ర తీసుకోవద్దు. ఆమె ఎండలో మట్టి మోసిన కూలి ఆమెకు ఇచ్చేయండి. ఇంతకుమించి నేనేమీ రాయలేను. ఎందుకు రాయలేనో కూడా రాయలేను. దయచేసి దాన్ని ఇంకోలా అర్థం చేసుకోకండి.

నాకు ఉత్తరాలు రాయకపోతే మంచిది.

గీతాంజలి

*

బ్రాడీపేట
10 ఆగస్టు 2025

గీతా,

చీర వెనక్కి వచ్చినప్పుడు మీ అత్తయ్య వంకాయ రంగు నీకు నచ్చలేదంది. నాకు ఇంకో అనుమానం కలిగింది. నేరుగానే అడుగుతున్నాను. నీకూ వాటా కావాలా? కావాలంటే నోరు తెరిచి చెప్పు, సొంతవాళ్ల మధ్య మొహమాటమేమిటి. నెలనెలా ఇస్తాను. నీ పెళ్లికి పనికొస్తుంది.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. ఖాతాలన్నీ ఒక్కసారే బిగుసుకుపోయాయి. నిన్న సైబర్ పోలీసులు ఇంటికొచ్చారు. గొంతు బాగాలేదని సైగ చేస్తే నా చేతికి పెన్నూ కాగితం ఇచ్చి ప్రశ్నలడిగారు. బ్రాడీపేటలో ఇన్నేళ్లు తలెత్తుకుని బతికాను. ఎదురు మెడికల్ షాపువాళ్లంతా మెట్ల మీద నిలబడి చూశారు. హైదరాబాదువాడి ఫోన్ పనిచేయడం లేదు.

ఇదంతా దుర్గాప్రసాద్ చేసిన ద్రోహం. వాడే ఎక్కడో నోరుజారాడు. ఉద్యోగంలోంచి తీసేశాను, అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. ఖాతాలు తెరిపించిందీ, కార్డులు దగ్గర పెట్టుకుందీ వాడే, నాకేమీ తెలియదని పోలీసులకు రాసిచ్చాను. బ్యాంకుకు వచ్చి కాగితాలిచ్చిందల్లా దుర్గాప్రసాదేనని నువ్వు నీ సీటు నుంచి ఒక్క మాట చెబితే చాలు. అబద్ధం కూడా కాదు.

ఇంకో మాట. భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని. ఆ ఖాతాలకు ఇచ్చిన ఫోన్ నంబర్లలో ఒకటి నీ కాలేజీ రోజుల నంబరు. సిమ్ము ఇప్పటికీ నీ పేరు మీదే ఉంది. సైదాబీ ఖాతా దాని మీదే నడిచింది. నేను మునిగితే నీ ఉద్యోగం మిగులుతుందా, నువ్వే ఆలోచించుకో.

మామయ్య

*

సత్తెనపల్లి
16 ఆగస్టు 2025

పానకాలు గారికి,

దుర్గాప్రసాద్ నోరుజారలేదు. చెప్పింది నేను.

నా మొదటి ఉత్తరంలో ఆమె పేరు నేను రాయలేదు. జవాబులో మీరు రాశారు. ఆ ఒక్క పేరుతో అంతా తెలిసిపోయింది. ఎవడి ముఖం చూడాలని ఉందని రాశానో ఆ ముఖం నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలిసిందే. మర్నాడు పొద్దున్నే మీ షెడ్డు చిరునామాతో ఉన్న ఖాతాలన్నీ తీసి చూశాను. ఫోన్ నంబర్ల దగ్గర నా పాత నంబరు కనిపించింది. అంటే మొన్నటి ఉత్తరంలో మీరు నన్ను దేనితో బెదిరించారో అది నాకు జూలై మొదట్లోనే తెలుసు.

ప్రకాష్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన తలుపు వేయమన్నాడు.

"మీ మామయ్యగారే కదమ్మా. పెద్ద డిపాజిటరు. మన బ్రాంచి పేరు మనమే చెడగొట్టుకోవడం ఎందుకు? పాత ఆఫీసరు మనుషుల్ని చూడకుండానే ఖాతాలు తెరిచాడు, ఆయనకు ప్రమోషన్ కూడా వచ్చేసింది. కేవైసీ కాలేదని ఒక్కోటీ మెల్లగా మూసేద్దాం" అన్నాడు.

"మూసేస్తే ఇన్నాళ్లూ పోయిన డబ్బెవరిదో ఎలా తెలుస్తుంది సార్?" అన్నాను.

"తెలుసుకుని ఏం చేస్తాం చెప్పు?" అన్నాడు. గోడ మీద కేవైసీ పోస్టరు కిందే కూర్చుని అన్నాడు. మీ మీద ఎంత రోత పుట్టిందో ఆయన మీదా అంతే పుట్టింది.

హెడ్డాఫీసుకు నేనే రిపోర్టు పంపాను. అనుమానం ఉన్న లావాదేవీలు పైకి తెలపడం నా పని. తెలిపానని ఆ ఖాతాలవాళ్లకు గానీ, నడిపేవాళ్లకు గానీ చెప్పడం నేరం. మీకు చెప్పలేకపోయింది అందుకే. నేను నోరు మూసుకున్న ప్రతిసారీ మీరు దాన్ని మీకు అనుకూలంగా చదువుకున్నారు. కాపాడుతున్నాననుకున్నారు, తర్వాత బేరమాడుతున్నాననుకున్నారు. నెలనెలా ఇస్తానన్న ఆ వాక్యం చదివాక చేతులు కడుక్కున్నాను. నా పాత నంబరు సంగతి కూడా ఆ రిపోర్టులోనే రాశాను. ఇప్పుడు పోలీసులు మీ గడప తొక్కారు, నేను వాంగ్మూలం ఇచ్చేశాను కనుక ఇదంతా రాస్తున్నాను. నా మీద కూడా విచారణ జరుగుతోంది. జరగనివ్వండి.

ఆ డబ్బు ఎక్కడిదని మీరు అడగలేదన్నారు. నేను అడిగాను. సైదాబీ ఖాతాలోకి వచ్చినదాంట్లో ఒక రిటైరైన నర్సుది ఉంది, వేరే రాష్ట్రం. పోలీసులమని ఫోన్ చేసి బెదిరించి ఆమె దాచుకున్నదంతా లాగేశారు. అక్కడి పోలీసులకు కనిపించేది మీ పేరు కాదు, సైదాబీ పేరు. ఆమెకు నోటీసు వచ్చింది. చదివించుకోవడానికి నా దగ్గరికే తెచ్చింది.

"ఇది నా కూలి వచ్చినట్టు కాయితమా అమ్మా?" అని అడిగింది.

కాదని చెప్పి, నోటీసు మొత్తం చదివి వినిపించాను.

అమ్మకు చెప్పక తప్పలేదు. "వాడు అడిగితే నా గాజులు తీసిచ్చేదాన్ని కదే" అంది. అప్పట్నుంచి మీ పేరు ఎత్తడం లేదు.

మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. దుర్గాప్రసాద్ మీరు చెప్పిన పని చేశాడు, అతని తప్పు అతను ఒప్పుకుంటానంటున్నాడు. కానీ ఆ ఆడవాళ్లకు ఏమీ తెలియదని, కార్డులు వాళ్ల చేతికి ఎప్పుడూ ఇవ్వలేదని పోలీసులకు రాసివ్వండి. అది నిజం. ఆ మాట మీ చేతిరాతలో ఉంటే వాళ్లు బయటపడతారు. మీరు నన్ను చదివించారు. ఆ చదువు మీద మీకు ఏదైనా హక్కు ఉందనుకుంటే, బదులుగా నేను మీకు చూపించగలిగిన దారి ఇదొక్కటే.

గీతాంజలి

*

బ్రాడీపేట
19 అక్టోబర్ 2025

గీతాంజలికి,

బెయిలు మీద వచ్చాను. లోపల ఎలా ఉన్నానో నువ్వు అడగలేదు, నేను చెప్పను. మీ అత్తయ్య పుట్టింటికి వెళ్లింది. షెడ్డుకు తాళం పడింది. దాని మీద బతికే ఆడవాళ్లు ఇప్పుడు పనికోసం రోడ్ల వెంట తిరుగుతున్నారు. నీ న్యాయం వాళ్లకేం ఒరగబెట్టిందో వెళ్లి అడుగు.

నువ్వు కోరినట్టు రాసివ్వలేదు. లాయరు వద్దన్నాడు. వాళ్లు తెలిసే ఖాతాలు ఇచ్చారని, డబ్బు తీసుకునే ఇచ్చారని రాశాను. డబ్బు ముట్టిందని సైదాబీ వేలిముద్రతో కాగితం కూడా నా దగ్గర ఉంది. నువ్వు వద్దన్నా దుర్గాప్రసాద్ చేత అప్పుడే వేయించాను. మంచి పని చేశాను, ఇప్పుడు అదే నాకు అక్కరకొచ్చింది. దాని వయసు చూసి ఎవరూ జైల్లో పెట్టరు. నాకైతే పరువుంది, వ్యాపారం ఉంది.

గొంతు వచ్చింది. డాక్టరు మాట్లాడవచ్చన్నాడు. నీతో మాట్లాడదలచుకోలేదు. అక్కయ్యను మాత్రం ఒకసారి పంపు. అక్కయ్య నన్ను అర్థం చేసుకుంటుంది.

పానకాలు

*

సత్తెనపల్లి
27 అక్టోబర్ 2025

పానకాలు గారికి,

మీ ఉత్తరం అమ్మ తనే చదువుకుంది. నేను వినిపించలేదు. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివి, మడిచి నాకిచ్చింది.

మీ షెడ్డు మూతపడిందని రాశారు. ఆడవాళ్లు పక్క ఊరి షెడ్లకు ఆటోల్లో వెళుతున్నారు. ఆధార్ అడిగితే ఇవ్వడం మానేశారు. కొన్నిచోట్ల అందుకే పనిలోకి తీసుకోవడం లేదు. సైదాబీ కూలి ఇంకా రాలేదు. అది ఏ ఖాతాలోంచి ఎవరికి ఎలా తిరిగివ్వాలో చెప్పే ఫారం మా దగ్గర లేదు. లక్షలు పారినన్నాళ్లు ఎవరూ ఆమె ముఖం చూడలేదు. ఇప్పుడు ఆమెకు రావాల్సిన ఆ కాస్త ఇవ్వడానికి మళ్లీ ఫొటో అడుగుతున్నారు, మళ్లీ వేలిముద్ర అడుగుతున్నారు. మా బ్యాంకును తలుచుకున్నా నాకు అసహ్యమే. ఉద్యోగం ఉంటే అక్కడే ఉండి ఆ కూలి ఇప్పిస్తాను. పోతే బయటి నుంచి అడుగుతాను.

దుర్గాప్రసాద్ నిన్న వచ్చాడు. కూలి ఇస్తున్నామని అబద్ధం చెప్పి ఆ కాగితం మీద ముద్ర వేయించానని, ఆమె చేతిలో ఒక్క రూపాయి పెట్టలేదని వాంగ్మూలం ఇచ్చాడట. మా గుమ్మం దగ్గరే నిలబడి చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఎల్లుండి సైదాబీని పోలీసులు గుంటూరు రమ్మన్నారు. నేను తోడు వెళుతున్నాను. అమ్మ కూడా వస్తానంది. మోకాళ్లతో అన్ని మెట్లు ఎక్కలేవు, వద్దన్నాను.

"ఎక్కుతా. నీకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆ సిమ్ము మా తమ్ముడి చేతికిచ్చింది నేనే. వాడు మా ఇంటికొచ్చి అడిగి తీసుకెళ్లాడు. ఆ మాట నేనే చెప్పాలి" అంది.

మిమ్మల్ని కూడా ఆ రోజే పిలిచారని తెలిసింది. కనుక అమ్మను ప్రత్యేకంగా మీ ఇంటికి పంపనవసరం లేదు, అక్కడే చూస్తారు. వాంగ్మూలం రాసుకునేటప్పుడు మీరు మాకేమవుతారని అడుగుతారు. దానికి జవాబు నన్ను చెప్పొద్దంది అమ్మ. తనే చెబుతానంది.

గీతాంజలి